చిరునామా లేని పట్టాదారు

స్థిరాస్తిపై పెట్టుబడి పెట్టేవారిలో కొందరు అమ్మకానికి బోర్డు కట్టిన ఇంటినో, పత్రికలో ప్రకటించిన స్థలాన్నో వెతుక్కుంటూ వెళ్లరు. అమ్మే ఆలోచన ఇంకా పెదవి దాటని యజమానులను, అమ్మక తప్పని ఇబ్బందిలో పడిన యజమానులను ముందుగానే గుర్తించి, వారి ఇంటికి నేరుగా ఉత్తరం రాసి బేరానికి పిలుస్తారు. అమెరికాలో వృత్తిగా స్థిరపడిన ఈ పద్ధతిని డైరెక్ట్ మెయిల్ అంటారు. ఆరన్ మాంట్‌గోమరీ వార్డ్ 1872లో షికాగో నుంచి ఒకే కాగితంపై సరుకుల ధరలు అచ్చువేయించి పల్లె రైతులకు పంపిన నాటి నుంచి ఆ దేశంలో టపా ద్వారా సరుకు అమ్మడం పెద్ద వ్యాపారంగా ఎదిగింది. ఇళ్లు, స్థలాల విషయానికి వచ్చేసరికి అదే టపా తలకిందులై, కొనదలచినవాడు అమ్మగలవాడికి రాసే ఉత్తరంగా మారింది.

ఆ ఉత్తరం ఎవరెవరికి వెళ్లాలో నిర్ణయించే జాబితాయే ఈ పద్ధతికి ఆయువుపట్టు. అమెరికాలో కౌంటీ అనే పాలన విభాగం తన పరిధిలోని ప్రతి ఆస్తికీ పన్ను పద్దు నిర్వహిస్తుంది. అందులో యజమాని పేరుతో పాటు పన్ను నోటీసు పంపవలసిన చిరునామా కూడా ఉంటుంది, ఆ పద్దును సాధారణంగా ఎవరైనా చూడవచ్చు. ఆస్తి ఒక ఊళ్లో ఉండి పన్ను నోటీసు మరో ఊరికి వెళుతున్నదంటే యజమాని అక్కడ కాపురం లేడని, పన్ను బాకీ పేరుకుపోయిందంటే చేతిలో డబ్బు ఆడడం లేదని ఊహించవచ్చు. ఇంటి అప్పు వాయిదాలు తప్పి జప్తు ప్రక్రియ మొదలైతే ఆ సంగతీ కాగితంమీదికి వస్తుంది. యజమాని మరణిస్తే వారసత్వాన్ని తేల్చే కోర్టు పత్రాల్లో వారసుల పేర్లు కనిపిస్తాయి. ఈ జాబితాలను ఒకదానిపై ఒకటి పేర్చి, రెండు మూడింటిలో కనిపించిన పేర్లకు, చేతిరాతను పోలిన అక్షరాలతో, తరచూ గీతలున్న పసుపుపచ్చ కాగితంపై, ఇల్లు కొనాలని ఉందన్న ఒకటి రెండు వాక్యాలు రాసి పంపుతారు. వందమందిలో ఒకరో ఇద్దరో జవాబిస్తే ఆ వృత్తిలో మంచి ఫలితంగానే లెక్క; అందుకే ఒకే చిరునామాకు నెలల తరబడి ఉత్తరాలు వెళుతుంటాయి.

ఇలా జవాబిచ్చిన యజమాని ఆస్తిని ఉత్తరం రాసినవాడే కొనుక్కోవాలన్న నియమం లేదు. చాలామంది యజమానితో తక్కువ ధరకు ఒప్పందం రాయించుకొని, గడువు లోపల ఆ ఒప్పందాన్నే ఎక్కువ ధరకు మరొకరికి బదలాయించి, మధ్యనున్న తేడాను లాభంగా తీసుకుంటారు. ఈ మారుబేరాల్లో వృద్ధులు, అప్పులపాలైనవారు ఇంటి అసలు విలువ తెలియక నష్టపోతున్నారన్న విమర్శలు రావడంతో ఇలినాయి రాష్ట్రం 2019లో తన చట్టాన్ని సవరించి, ఏడాదికి ఒకటికి మించి ఇటువంటి బేరాలు చేసేవారు బ్రోకరు లైసెన్సు తీసుకోవాలన్నది. ఓక్లహోమా 2021లో ఇందుకోసం ప్రత్యేక చట్టమే తెచ్చింది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఇటువంటి ఉత్తరం అందుకోదగిన యజమానులకు కొరత లేదు. దూరాన ఉన్న యజమానులు ఇక్కడ రెండు రకాలు. పల్లెలో కయ్య, మామిడితోట, మెట్టచేను వదిలి బెంగళూరు, చెన్నై, హైదరాబాదు, ఆపైన అమెరికా, గల్ఫ్ దేశాలు చేరినవారు మొదటి రకం. ఇక్కడ ఎన్నడూ కాపురం లేకపోయినా, వెంకటేశ్వరుని పాదాల చెంత ఒక స్థలం ఉండాలనో, విలువ పెరుగుతుందనో తిరుపతి చుట్టూ ప్లాట్లు కొని, దర్శనానికి వచ్చినప్పుడు ఒకసారి చూసి వెళ్లే చెన్నై, బెంగళూరు, హైదరాబాదు వాసులు రెండో రకం. తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, అంటే తుడా, 1981లో ఏర్పడిన తరువాత పట్టణం రేణిగుంట వైపు, చంద్రగిరి వైపు సాగుతూ వచ్చింది. 2015లో ఐఐటీ, ఐసర్ రావడంతో ఏర్పేడు పరిసరాల్లో, శ్రీసిటీ పారిశ్రామిక వాడ వల్ల సత్యవేడు, వరదయ్యపాళెం ప్రాంతాల్లో, బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారి వల్ల పలమనేరు, గుడిపాల వైపు భూమి మీద కొత్త చూపులు పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి ప్రత్యేక జిల్లా కేంద్రమైంది. కొనేవారు ఉన్నారు, అమ్మగలవారూ ఉన్నారు. ఇద్దరినీ కలపవలసిన ఉత్తరం మాత్రం ఇక్కడ గమ్యం చేరదు.

కారణం భూమి రికార్డుల స్వభావంలోనే ఉంది. గ్రామ భూములకు ప్రధానంగా రెండు లెక్కలు ఉంటాయి: ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట సాగుచేస్తున్నారో చెప్పే అడంగల్, ఎవరి పేరున ఎంత భూమి ఉన్నదో చెప్పే హక్కుల రికార్డు, అంటే వాడుకలో ఒన్‌ బి. మీభూమి వెబ్‌సైటు వచ్చాక ఈ రెండింటినీ తహసీల్దారు కార్యాలయానికి వెళ్లకుండానే చూసుకునే వీలు కలిగింది. వీటిలో పట్టాదారు పేరు, తండ్రి లేక భర్త పేరు, ఖాతా నంబరు, విస్తీర్ణం ఉంటాయి గాని ఉత్తరం వేయడానికి పనికివచ్చే చిరునామా ఉండదు. గ్రామలెక్కలు రూపుదిద్దుకున్న కాలంలో పట్టాదారు అదే ఊళ్లో ఉంటాడన్నది ఎవరూ ప్రశ్నించని సంగతి గనుక, కరణానికి అతని ఇల్లు తెలుసు గనుక, చిరునామా అవసరం ఎవరికీ తోచలేదు. కరణం పోయాడు, పట్టాదారూ ఊరు వదిలాడు, లెక్క మాత్రం ఆ పాత ఊహతోనే నడుస్తున్నది.

రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఈసీ, అంటే ఒక ఆస్తిపై ఫలానా కాలంలో నమోదైన లావాదేవీల జాబితా, అమ్మినవారి పేర్లు, కొన్నవారి పేర్లు చెబుతుంది. అసలు దస్తావేజులో చిరునామా కూడా ఉంటుంది. కాని అది రిజిస్ట్రేషన్ నాటిది. 1990లలో తిరుపతిలో అద్దె ఇంట్లో ఉంటూ ప్లాటు కొన్న ఉద్యోగి ఆ తరువాత బదిలీల మీద ఊళ్లు మారి, పదవీ విరమణ చేసి, పిల్లల దగ్గరకు చేరి ఉంటే ఆ దస్తావేజులోని తలుపు నంబరు ఎవరినీ పట్టివ్వదు. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న దేశమంతటా అమలులోకి వచ్చి, తిరుపతికి 517501, చిత్తూరుకు 517001 వంటి అంకెలను ఇచ్చి టపా పనిని ఎంతో తేలిక చేసింది గాని, చేరవలసిన మనిషే ఆ పిన్‌కోడు పరిధిలో లేనప్పుడు దాని సాయం అక్కడితో ఆగిపోతుంది. పురపాలక ఇంటిపన్ను పద్దు కొంత మేలు. అందులో తలుపు నంబరు ఉంటుంది, ఇంట్లో అద్దెకున్నవారు ఉత్తరాన్ని యజమానికి చేర్చే అవకాశమూ ఉంటుంది. ఖాళీ స్థలానికి ఆ అదృష్టం కూడా లేదు.

చిరునామా దొరికినా మరో చిక్కు మిగులుతుంది: రికార్డులోని పేరు, అమ్మే హక్కున్న మనిషి ఒకటే కాకపోవచ్చు. ఈ దేశంలో రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుందే గాని, ఆస్తి ఫలానా వారిదేనని ప్రభుత్వం తరఫున పూచీ ఇవ్వదు. అటువంటి పూచీ ఇచ్చే ఉద్దేశంతో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన భూ యాజమాన్య హక్కుల చట్టం 2023లో అమలుకు వచ్చి, ఎన్నికల్లో పెద్ద వివాదమై, 2024లో రద్దయింది. తాత మరణించి ఏళ్లు గడిచినా ఒన్‌ బిలో తాత పేరే నిలిచి ఉండడం, అన్నదమ్ములు నోటిమాటతో పంచుకొని సాగుచేసుకుంటున్నా పంపకం పత్రం లేకపోవడం రాయలసీమ పల్లెల్లో అరుదేమీ కాదు. ఆడబిడ్డల వాటా సంగతి ఇంకా ముఖ్యమైనది. ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ ఆ హక్కును కూతుళ్లందరికీ విస్తరింపజేసింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005లో సవరణ అమలైన నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది. కాబట్టి పల్లెలోని పెద్దకొడుకు పేర వెళ్లిన ఉత్తరానికి అతను ఎంత ఆత్రంగా సరేనన్నా, తిరుత్తణిలోనో కోలారులోనో అత్తవారింట ఉన్న అక్కచెల్లెళ్లు సంతకం పెట్టనిదే ఆ బేరం భద్రమైనది కాదు. భూమి తగాదాలు ఇక్కడ కూడా మొదలవుతాయి. కొనేవారు తొందరలో తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం అడగడం మరచిపోవడం అందుకు ఒక కారణం.

ఉత్తరం చేయలేని పనిని తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో మనుషులు చేస్తారు. ఒక ఊళ్లో ఎవరికి అమ్మక తప్పని అవసరం వచ్చిందన్న సంగతి ముందుగా ఆ ఊరి మధ్యవర్తికి తెలుస్తుంది. అతను మండల కేంద్రంలోని బ్రోకరుకు చెబుతాడు. ఆ బ్రోకరు తిరుపతిలో పెట్టుబడిదారులను ఎరిగిన మరో బ్రోకరుకు చేరవేస్తాడు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట కూర్చునే దస్తావేజు లేఖరికి ఏ కుటుంబం ఏ కాగితం వెతుక్కుంటున్నదో తెలుసు. ఎరువుల దుకాణదారుకు ఎవరి బాకీ ఎన్ని పంటలుగా తీరలేదో తెలుసు. అమెరికాలో కౌంటీ పద్దు చెప్పే సంగతులన్నీ ఇక్కడ మనుషుల నోట్లో ఉన్నాయి, వాటికి కమీషన్ రూపంలో ధర ఉంది. సాధారణంగా నూటికి ఒకటో రెండో రూపాయలు చొప్పున, తరచూ రెండు వైపుల నుంచీ తీసుకునే ఈ కమీషన్, గొలుసులో మనుషులు పెరిగినకొద్దీ చీలిపోతుంది. చీలిక చాలనప్పుడు అమ్మేవారికి ఒక ధర, కొనేవారికి మరో ధర చెప్పి నడుమనున్నది మిగుల్చుకోవడమూ జరుగుతుంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, ఏజెంట్లు నమోదు కావాలని చెప్పిన మాట నిజమే గాని ఆ నిబంధన ప్రధానంగా నమోదు కావలసిన లేఅవుట్లు, అపార్టుమెంట్ల అమ్మకాలకు సంబంధించినది. రైతు నుంచి రైతుకో, పాత యజమాని నుంచి కొత్త యజమానికో మారే విడి భూమి బేరంలోని మధ్యవర్తి దాని చూపు పరిధిలోకి రాడు.

ఈ గొలుసులో పుట్టిన అగ్రిమెంటు వ్యాపారం అమెరికా మారుబేరానికి స్వతంత్రంగా పుట్టిన కవల. పెట్టుబడిదారు యజమానికి కొంత అడ్వాన్సు ఇచ్చి, మిగిలిన సొమ్ము మూడు నెలల్లోనో ఆరు నెలల్లోనో చెల్లిస్తానని క్రయ ఒప్పందం రాయించుకుంటాడు. అందులో ఆస్తిని తన పేరున గాని, తాను సూచించినవారి పేరున గాని రిజిస్టరు చేయాలన్న వాక్యం తప్పకుండా ఉంటుంది. ఆ చిన్న వాక్యంలోనే వ్యాపారమంతా ఉంది. గడువు లోపల ఎక్కువ ధరకు మరొకరు దొరికితే యజమాని నేరుగా ఆ మూడో మనిషికి రిజిస్టరు చేస్తాడు, నడుమనున్నవాడు స్టాంపు రుసుము కట్టకుండానే లాభం తీసుకొని తప్పుకొంటాడు. ధరలు పెరుగుతున్నంతకాలం ఇందులో ఎవరికీ పెద్ద ఫిర్యాదు ఉండదు. బజారు మందగించినప్పుడు మాత్రం అగ్రిమెంటుదారు మిగతా సొమ్ము కట్టడు, అగ్రిమెంటు రద్దుచేయడు. యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వలేడు, మరొకరికి ధైర్యంగా అమ్మలేడు.

ఇక్కడ చట్టం చెప్పే మాట స్పష్టంగానే ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం క్రయ ఒప్పందం దానంతట అదే ఆస్తిలో ఏ హక్కునూ పుట్టించదు. రాయించుకున్నవాడికి ఒప్పందం అమలు చేయమని కోర్టును అడిగే అవకాశం మాత్రం, ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్ల వరకు ఉంటుంది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఒకరి తరఫున పనులు చేసే అధికార పత్రం, దాని ద్వారా సాగే అమ్మకాలు యాజమాన్యాన్ని బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తీర్పు చెప్పింది. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు ఈసీలో కనిపించవు గనుక, యజమాని ఇంతకుముందే ఎవరికి మాట ఇచ్చాడన్నది కొత్తగా కొనేవారికి కాగితాల ద్వారా తెలిసే మార్గమే లేదు. అందుకే ఈ ప్రాంతంలో జాగ్రత్తపరులు న్యాయవాది చేత పత్రికా ప్రకటన ఇప్పిస్తారు: ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, ఇన్ని సెంట్లు, నాలుగు హద్దులు, కొనదలచినందున అభ్యంతరాలు ఉన్నవారు ఇన్ని రోజుల లోపల తెలియజేయవలెను. ఎవరికి రాయాలో తెలియనప్పుడు అందరికీ రాసిన ఉత్తరం అది. తెలుగు దినపత్రికల జిల్లా పుటలే దానికి తపాలా.

అదే పుటల్లో అమ్మక తప్పనివారి జాబితా కూడా అచ్చవుతుంది, అది బ్యాంకులు వేయించేది. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద, తాకట్టు పెట్టిన ఇల్లు లేక స్థలం మీది అప్పు మొండిబాకీగా మారితే, బ్యాంకు ముందుగా 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. ఆ తరువాత ఆస్తిని స్వాధీనపరచుకున్నట్లు రెండు పత్రికల్లో, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండేలా, ప్రకటిస్తుంది. చివరకు వేలం వేస్తుంది. అప్పు తీసుకున్నవారి పేరు, చిరునామా, బాకీ మొత్తం, ఆస్తి హద్దులు అన్నీ ఆ ప్రకటనలో ఉంటాయి. అమెరికా పెట్టుబడిదారు కౌంటీ కార్యాలయంలో వెతికే సమాచారం తిరుపతిలో ఉదయం టీతో పాటు చేతికి వస్తుందన్నమాట. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు గనుక ఈ జాబితాలో పట్టణ ఆస్తులే కనిపిస్తాయి.

ఈ ప్రకటన చూసి చాలామంది వేలం రోజు కోసం ఎదురుచూస్తారు. ఉత్తరం రాయడానికి అసలైన సమయం అంతకుముందే ఉంది. 2016 సవరణ తరువాత, వేలం ప్రకటన వెలువడే వరకే అప్పుదారుకు బాకీ మొత్తం కట్టి ఆస్తిని విడిపించుకునే హక్కు ఉంటుందని చట్టం చెబుతున్నది. 2023లో సుప్రీంకోర్టు దానినే ధ్రువీకరించింది. నోటీసు అందిన తరువాత బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆస్తిని అమ్మడం కుదరదు గాని, అనుమతి తీసుకొని నేరుగా కొనేవారికి అమ్మి బాకీ కట్టి మిగిలినది తెచ్చుకోవడానికి దారి ఉంది. వేలంలో పోయే ధర కన్నా ఆ మార్గంలో యజమానికి ఎక్కువ మిగిలే అవకాశం ఉంది. కాబట్టి సకాలంలో, మర్యాదగా, బ్యాంకు సమక్షంలోనే బేరం జరుపుదామని రాసిన ఉత్తరం ఇబ్బందిలో ఉన్న కుటుంబానికి నిజమైన సాయం కాగలదు. డైరెక్ట్ మెయిల్‌ను సమర్థించేవారు అన్నిచోట్లా చెప్పే వాదన ఇదే. తిరుపతి వంటి చోట అది నిజమయ్యే సందర్భం ఇదొక్కటే ప్రధానంగా కనిపిస్తుంది.

అవసరంలో ఉన్న అమ్మకందారు అన్న మాట వినడానికి నెమ్మదైనదే, దాని వెనకనున్న జీవితాలు అలా ఉండవు. బోరు ఎండిపోవడం, ఆసుపత్రి ఖర్చు, కూతురి పెళ్లి, పిల్లల చదువుకు చేసిన అప్పు, వరసగా రెండు మూడు పంటల్లో నష్టం — అయినకాడికి అమ్ముకున్నారని పల్లెల్లో చెప్పుకునే ప్రతి బేరం వెనుకా వీటిలో ఒకటి ఉంటుంది. చిత్తూరు జిల్లా తోతాపురి మామిడికి 2025 వేసవిలో ధర పడిపోయి, కిలోకు గుజ్జు పరిశ్రమలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేయవలసి వచ్చింది. అటువంటి ఏడాది తరువాత తోట అమ్ముతావా అని అడిగే మనిషికి రైతు ఇచ్చే జవాబు మంచి ఏడాదిలో ఇచ్చే జవాబులా ఉండదు. ఆ తేడా నుంచే పెట్టుబడిదారు లాభం పుడుతుంది.

భారతీయ చట్టం ఈ విషయంలో సూక్ష్మమైన గీత ఒకటి గీసింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ప్రకారం ధర తక్కువైనంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదు. కాని అమ్మినవారు స్వేచ్ఛగా ఒప్పుకున్నారా లేదా అన్నది తేల్చేటప్పుడు కోర్టు ఆ తక్కువ ధరను లెక్కలోకి తీసుకోవచ్చు. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను మరో అడుగు ముందుకు వేసి, అమ్మేవారికి ఆ ఆస్తిలో ఉన్న హక్కు స్వభావం గురించి గాని, పరిమాణం గురించి గాని వారికి తెలియనిదీ, తెలిస్తే దాని విలువను బాగా పెంచేదీ అయిన సంగతి కొనేవారికి తెలిసి ఉంటే, దానిని చెప్పడం కొనేవారి బాధ్యత అన్నది. అమ్మేవారు తమ వాటా రెండెకరాలే అనుకుంటుండగా రికార్డుల ప్రకారం అది మూడెకరాలని కొనేవాడు ముందే చూసుకొని ఉంటే, ఆ సంగతి దాచి కొనరాదు. రాబోయే రహదారి గురించిన వార్త ఈ నియమంలోకి రాదు. అది బజారులో ఎవరి చెవి వారిది. అవసరం వల్ల ధర తగ్గడం ఒకటి, అజ్ఞానం వల్ల తగ్గడం మరొకటి. మొదటిదానిలో అమ్మేవారికి వెంటనే చేతికందే డబ్బు రూపంలో కొంత ప్రతిఫలమైనా ఉంటుంది, రెండవదానిలో అదీ ఉండదు. భూసేకరణ ప్రకటనలు పత్రికల్లో సర్వే నంబర్లతో సహా వస్తాయి, రిజిస్ట్రేషన్ శాఖ ప్రతి ప్రాంతానికీ తన లెక్క ప్రకారం విలువను ప్రకటిస్తుంది. ఆ విలువ అసలు ధర కన్నా తరచూ తక్కువే అయినా, అంతకన్నా తక్కువకు అడిగిన ఉత్తరాన్ని గుర్తించడానికి అది చాలు.

కొనేవాడి వైపు నుంచి చూస్తే ఈ ప్రాంతంలో ఆత్రపడి అమ్మజూపే భూమిని ముందుగా అనుమానించడమే తెలివి. తక్కువ ధర వెనుక అవసరం ఉండవచ్చు, అమ్మకానికి వీలులేని భూమి కావడమూ ఉండవచ్చు. ప్రభుత్వం పేదలకు సాగు నిమిత్తం ఇచ్చిన భూములను ఇక్కడ డీకేటీ భూములంటారు. 1977 చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది, కొన్నవారికి హక్కు రాదని కూడా చెప్పింది. 2023లో చట్టాన్ని సవరించి, అసలు లబ్ధిదారులు ఇరవయ్యేళ్లు అనుభవించిన భూములను అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక అటువంటి భూముల రిజిస్ట్రేషన్లను నిలిపి విచారణ చేపట్టారు. ఆ ఏడాది జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో మంటలు చెలరేగి దస్త్రాలు కాలిపోయిన ఘటన ఈ భూముల చుట్టూ ఎంత విలువ తిరుగుతున్నదో రాష్ట్రమంతటికీ చూపింది. వీటికి తోడు తిరుపతి చుట్టూ దేవస్థానం భూములు, 1843 నుంచి 1933 వరకు తిరుమల ఆలయ పాలన చూసిన హాథీరాంజీ మఠం భూములు, చెరువు, గుట్ట పోరంబోకులు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షను కింద అమ్మకం నిషేధించిన భూముల జాబితాను సర్వే నంబరుతో చూసుకోవడం ఈసీ తీయడం కన్నా ముందు జరగవలసిన పని. అమెరికా పద్ధతిలో వేల ఉత్తరాలు ఒకేసారి వేసి, జవాబు వచ్చాక కాగితాలు చూడడం ఇక్కడ తలకిందుల వ్యవహారం. ఇక్కడ ముందు కాగితాలు చూసి, నికరమైన పట్టా భూమి అని తేలిన కొద్దిమందికే రాయాలి.

అలా రాసే ఉత్తరానికి ఫోనుకు లేని రెండు మేళ్లు ఉన్నాయి. స్థిరాస్తి గురించిన వ్యాపార ఫోన్లు, సందేశాలు వద్దని 1909 నంబరులో నమోదు చేసుకున్నవారికి అవి రాకూడదన్నది టెలికాం నియంత్రణ సంస్థ 2018 నిబంధన. టపా ఉత్తరానికి ఆ అడ్డు లేదు. అంతకన్నా ముఖ్యంగా, ఉత్తరం రాసినవారి పేరు, అడిగిన ధర, తేదీ కాగితంమీద నిలిచిపోతాయి. మధ్యవర్తి నోటిమాటలో ఒక ధర మూడు ధరలైనట్లు ఇందులో కావడానికి వీలు తక్కువ. చిరునామా లేకుండా ఒక ప్రాంతంలోని ఇళ్లన్నింటికీ కరపత్రాలు పంచే డైరెక్ట్ పోస్ట్ సేవ తపాలా శాఖకు ఉంది గాని, అది లేఅవుట్ ప్రకటనకు పనికొస్తుందే తప్ప దూరాన ఉన్న ఒక్క యజమానిని వెతకడానికి పనికిరాదు. అతన్ని వెతకడానికి ఊళ్లోని దాయాదులను, పక్క పొలం రైతును అడగవలసిందే, అడిగారన్న సంగతి ఊరంతా తెలియవలసిందే. చెన్నైలో రెండు తరాలుగా స్థిరపడిన చిత్తూరు కుటుంబాల్లో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడినా చదవడం తమిళంలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది గనుక ఉత్తరం భాష గురించి కూడా ఆలోచించాలి; భూమి విస్తీర్ణాన్ని ఊరికొక కొలతగా మారే అంకణాల్లో కాక సెంట్లలో, చదరపు గజాల్లో రాయడం ఇద్దరికీ మేలు.

విదేశాల్లో ఉన్న యజమాని జవాబిస్తే మరికొన్ని నియమాలు కలుస్తాయి. అక్కడ రాయించిన అధికార పత్రం భారతదేశానికి చేరిన మూడు నెలల లోపల ఇక్కడ స్టాంపు వేయించుకోవాలి. వారసత్వంగా వచ్చిన వ్యవసాయ భూమిని ప్రవాస భారతీయులు అమ్ముకోవచ్చు, అయితే కొనేవారు భారతదేశంలో నివసించే భారత పౌరులై ఉండాలి. అమెరికాలో డైరెక్ట్ మెయిల్ మెళకువలు నేర్చుకొని సొంత జిల్లాలో ప్రయోగించాలని ఉత్సాహపడే ప్రవాసులకు విదేశీ మారకద్రవ్య నిబంధనలు వ్యవసాయ భూమిని, తోటలను, ఫామ్‌హౌస్‌ను కొనే అవకాశం ఇవ్వవు. ఇళ్లు, లేఅవుట్‌లోని ప్లాట్లు మాత్రం వారు కొనవచ్చు.